బజారు తలుపు తెరుచుకుంటే చాలదు

బీద దేశం బాగుపడే మార్గం ఏది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మన మధ్య రెండు వాదాలు వినిపిస్తాయి. ధనిక దేశాలు సహాయం చేయనిదే బీద దేశం లేవలేదన్నది మొదటి వాదం. విదేశీ వ్యాపారమంటేనే దోపిడీ, కనుక తలుపులు మూసుకుని మన రొట్టె మనమే కాల్చుకోవాలన్నది రెండో వాదం. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే మన పొరుగునే ఉన్న బంగ్లాదేశ్ గత నాలుగున్నర దశాబ్దాలుగా నడిచిన దారి ఈ రెండింటిలో దేనికీ ఒదగదు. ఆ దేశం తన కాళ్ల మీద నిలబడడానికి దానధర్మాల కంటె కుట్టు మిషను ఎక్కువ ఉపయోగపడింది. ఆ మిషనుకు పని దొరికింది విదేశీ బజారులో. అదే బజారు కోసం పని చేస్తూ 2013లో వెయ్యిమందికి పైగా కార్మికులు ఒక్క పూటలో శిథిలాల కింద సమాధి అయ్యారు. ఈ రెండు ముఖాలనూ కలిపి చూడకుండా అంతర్జాతీయ వ్యాపారం మంచిదా, చెడ్డదా అని తీర్పు చెప్పబూనడం తొందరపాటే అవుతుంది.

పాత తిజారత్ ఏమిచ్చింది?

బెంగాలుకు విదేశీ వ్యాపారం కొత్త కాదు. ఢాకా మస్లిన్ ఒకప్పుడు ప్రపంచమంతటా పేరు మోసింది. మన మచిలీపట్నం అద్దకం బట్టలు కూడా ఆ రోజుల్లో ఓడలెక్కి యూరపుకు, ఇరానుకు పోయేవి. ఈ బట్టల తాకిడికి తమ నేతగాళ్లు తట్టుకోలేకపోతున్నారని ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరో చట్టం చేసి అద్దకపు నూలు బట్టలపై నిషేధాలు విధించింది. తన మిల్లులు బలపడిన తర్వాతనే ఆ దేశానికి స్వేచ్ఛా వ్యాపారం మీద ప్రేమ పుట్టింది. అప్పటికి మన మగ్గాలు మూలపడ్డాయి. నేడు బీద దేశాలకు తలుపులు బార్లా తెరవండని బోధించేవారు ఈ చరిత్రను మరచిపోరాదు.

మస్లిన్ తర్వాత జనపనార వచ్చింది. తూర్పు బెంగాల్ రైతు మోకాటి లోతు నీళ్లలో నిలబడి జనుము కోసి, నానబెట్టి, నార తీసి అమ్మాడు. గోనెసంచులు నేసి లాభం గడించినవి మాత్రం డండీ మిల్లులు, కలకత్తా మిల్లులు. తర్వాత పాకిస్తాన్ కాలంలో ఆ నార తెచ్చిన విదేశీ మారకంలో తమకు తగిన వాటా రాలేదన్న అసంతృప్తి తూర్పు ప్రాంత ప్రజల్లో బలంగా ఉండేది. 1971లో బంగ్లాదేశ్ స్వతంత్ర దేశమయ్యే నాటికి ప్లాస్టిక్ సంచులు వచ్చి జనుము ధర పడిపోసాగింది. 1974లో ఆ దేశాన్ని ఘోరమైన కరువు కాటేసింది. అంటే వంద సంవత్సరాలకు పైగా ఆ నేల ప్రపంచంతో వ్యాపారం చేస్తూనే ఉంది, ఆకలితో అలమటిస్తూనే ఉంది. ముడిసరుకు అమ్ముకునే దేశం ధర కోసం ఇతరుల దయ మీద ఆధారపడవలసిందే. మొదటి పాఠం ఇది.

130 మంది, ఆరు నెలలు

ఈ పరిస్థితిలో మార్పు ఎలా వచ్చింది? నూరుల్ ఖాదర్ అనే మాజీ ప్రభుత్వాధికారి 1970ల చివరలో దేశ్ గార్మెంట్స్ అనే సంస్థను నెలకొల్పాడు. 1978లో దక్షిణ కొరియాకు చెందిన దేవూ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఈ ఒప్పందంలో డబ్బు కంటె ముఖ్యమైనది శిక్షణ. దేశ్ కంపెనీ 130 మందిని ఎంపిక చేసి కొరియాలోని పూసాన్ నగరానికి పంపింది. వారిలో స్త్రీలు కూడా ఉన్నారు. ఆరు నెలల పాటు వారు అక్కడి కర్మాగారంలో కత్తిరింపు, కుట్టుపని, నాణ్యత తనిఖీ, లెక్కలు, అమ్మకం, మనుషులను నడిపించే తీరు నేర్చుకున్నారు. 1980లో చిట్టగాంగ్ దగ్గర కాలూర్‌ఘాట్‌లో కర్మాగారం ప్రారంభమైంది. ఆ సంవత్సరం అది 43,000 చొక్కాలు కుట్టింది. ఎగుమతుల విలువ మొత్తం 55 వేల డాలర్లు. ఒక్కో చొక్కాకు డాలరుంబావు కంటె కొంచెం ఎక్కువ. 1987 నాటికి అదే సంస్థ ఏడాదికి 23 లక్షల చొక్కాలు కుట్టే స్థాయికి చేరింది.

అయితే అసలు ఫలితం దేశ్ కంపెనీ లెక్కల పుస్తకంలో కనిపించదు. పూసాన్ వెళ్లి వచ్చిన 130 మందిలో 115 మంది 1987 నాటికి ఆ కంపెనీని వదిలి వెళ్లిపోయారు. కొందరు సొంత కర్మాగారాలు పెట్టుకున్నారు, మరికొందరు ఇతరుల కర్మాగారాలను నిలబెట్టారు. యజమాని దృష్టితో చూస్తే ఇది నష్టమే. దేశం దృష్టితో చూస్తే ఇంతకు మించిన లాభం లేదు. దీపం నుంచి దీపం వెలిగినట్టు ఆ పనితనం ఢాకా, చిట్టగాంగ్ వీధుల్లో పాకిపోయింది. విదేశాల నుంచి యంత్రం కొనుక్కోవచ్చు, అప్పు తెచ్చుకోవచ్చు. పని నేర్చిన చేయిని మాత్రం ఎవరో ఒకరు ఓపికగా తయారు చేయవలసిందే. విదేశీ వ్యాపారం బీద దేశానికి చేసే మేలులో పెద్దది ఈ విద్యే.

దర్జీ, బట్టల షావుకారు

పనితనం ఒక్కటీ ఉంటే సరిపోతుందా? సరిపోదు. పెట్టుబడి కావాలి. ఇక్కడ ఆ ప్రభుత్వం రెండు తెలివైన ఏర్పాట్లు చేసింది. వాటిని మన బజారు భాషలో చెప్పుకుందాం.

ఒక దర్జీకి పెళ్లివారి నుంచి యాభై జతల బట్టలు కుట్టే ఆర్డరు వచ్చిందనుకోండి. బట్ట కొనడానికి చేతిలో పైసా లేదు. పెళ్లివారి పెద్దమనిషి రాసిచ్చిన హామీ చీటీ తీసుకుపోయి బట్టల షావుకారుకు చూపిస్తే, ఆయన ఆ చీటీని నమ్మి అరువు మీద బట్ట ఇస్తాడు. పెళ్లివారు డబ్బివ్వగానే షావుకారు బాకీ తీరుతుంది, మిగిలిన మజూరీ దర్జీ చేతికి వస్తుంది. సరిగ్గా ఇదే పద్ధతిని బ్యాంకుల ద్వారా అమలు చేశారు. అమెరికా కొనుగోలుదారు తెరిచిన లెటర్ ఆఫ్ క్రెడిట్, వ్యాపారుల వాడుకలో ఎల్.సి., ఆధారంగా చూపించి, బట్ట అమ్మేవారి పేర రెండో ఎల్.సి. తెరవవచ్చు. దీనినే బ్యాక్ టు బ్యాక్ ఎల్.సి. అంటారు. దీనితో చేతిలో పెద్ద పెట్టుబడి లేని వ్యక్తి కూడా కర్మాగారం నడపగలిగాడు.

రెండో ఏర్పాటు బాండెడ్ గిడ్డంగి. ఎగుమతి కోసం తెచ్చుకునే బట్టపై దిగుమతి సుంకం వేస్తే చొక్కా ధర పెరిగి విదేశంలో అమ్ముడుపోదు. కనుక ఆ బట్టను కస్టమ్స్ నిఘాలో ఉండే గిడ్డంగిలో సుంకం లేకుండా దించుకోనిచ్చారు. అందులోనిది చొక్కాగా మారి ఓడ ఎక్కాల్సిందే, దేశంలో అమ్మరాదు. అటు దేశీయ పరిశ్రమకు సుంకాల రక్షణ కొనసాగింది, ఇటు ఎగుమతిదారుకు వెసులుబాటు లభించింది. తలుపును మూసెయ్యనూ లేదు, బార్లా తెరవనూ లేదు. కావలసిన మేరకు తెరిచారు. పాలకులకు ఉండవలసిన వివేకం ఇదే.

ఎవరి నియమం, ఎవరి అదృష్టం

ఇంతకూ కొరియా కంపెనీకి బంగ్లాదేశ్ మీద అంత మక్కువ ఎందుకు కలిగింది? 1974లో అమల్లోకి వచ్చిన బహుళ నూలు ఒప్పందం కింద ధనిక దేశాలు ఒక్కో దేశం నుంచి ఇంత బట్టే కొంటామని కోటాలు పెట్టాయి. కొరియా కోటా నిండిపోయింది. బంగ్లాదేశ్‌కు అప్పటికి కోటా పరిమితి లేదు. కనుక అక్కడి నుంచి ఎగుమతి చేసే మార్గం వెతుక్కున్నారు. అంటే బీద దేశాలను అడ్డుకునేందుకు కట్టిన గోడే ఒక బీద దేశానికి నీడనిచ్చింది. ఆ నీడ కూడా ఎంతో కాలం నిలవలేదు. ఎగుమతులు కాస్త పెరగగానే 1985లో అమెరికా బంగ్లాదేశ్ పైనా కోటా విధించింది. అప్పుడే పుట్టిన పరిశ్రమ చాలా నష్టపోయింది.

తర్వాత 2001లో యూరపు దేశాల కూటమి అత్యంత వెనుకబడిన దేశాల సరుకులను, ఆయుధాలు మినహా, సుంకం లేకుండా అనుమతించింది. దీనివల్ల బంగ్లాదేశ్‌కు పెద్ద బజారు దొరికింది. 2005 జనవరి నుంచి కోటాల పద్ధతి పూర్తిగా రద్దయినప్పుడు, చైనా ధాటికి ఈ దేశం కొట్టుకుపోతుందని పలువురు ఆర్థికవేత్తలు భయపడ్డారు. ఆ భయం నిజం కాలేదు. అప్పటికి పాతికేళ్ల పనితనం వారి చేతుల్లో ఉంది. నేడు ఏటా దాదాపు 4,000 కోట్ల డాలర్ల దుస్తులు ఆ దేశం నుంచి ఎగుమతి అవుతున్నాయి. దేశం మొత్తం ఎగుమతుల్లో నూటికి ఎనభై వంతులకు పైగా ఇవే. సుమారు 40 లక్షల మంది ఈ కర్మాగారాల్లో పని చేస్తున్నారు. వారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు.

ఇంటి గడప లోపల

పల్లె గడప దాటని ఆడపిల్ల పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని వందలాది మందితో కలిసి కర్మాగారానికి నడిచి వెళ్లడం ఆ సమాజంలో చిన్న విషయం కాదు. మొదట్లో గుసగుసలు, ఆక్షేపణలు ఎన్నో వచ్చాయి. అయితే నెల తిరిగేసరికి ఇంటికి జీతం రావడం మొదలైన తర్వాత ఆ నోళ్లు నెమ్మదిగా మూతపడ్డాయి. సంపాదించే కూతురి మాటకు ఇంట్లో విలువ పెరిగింది. రేచెల్ హీత్, ముష్ఫిక్ మొబారక్ అనే ఆర్థికవేత్తలు 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఒక ముఖ్యమైన విషయం బయటపడింది. దుస్తుల కర్మాగారాలకు దగ్గరగా ఉన్న గ్రామాల్లో ఆడపిల్లలు ఎక్కువ కాలం బడికి పోతున్నారు, పెళ్లిళ్లు ఆలస్యంగా జరుగుతున్నాయి. లెక్కలు, చదువు వచ్చిన పిల్లకు మంచి ఉద్యోగం దొరుకుతుందని తెలిసినప్పుడు తల్లిదండ్రులు తమంతట తామే బడికి పంపుతారు. ఇందుకు పెద్ద ఉపన్యాసాలు అవసరం లేదు.

దారిద్ర్యం విషయానికొస్తే, 1991-92లో ఆ దేశ ప్రజల్లో 56.7 శాతం మంది దారిద్ర్యరేఖకు దిగువన ఉండేవారు. 2022 నాటికి అది 18.7 శాతానికి తగ్గింది. ఈ ఘనత అంతా చొక్కాలదే అనడం అతిశయోక్తి. వరి దిగుబడి పెరగడం, గల్ఫ్ దేశాల్లో కష్టపడే వారు పంపిన సొమ్ము, ఆడపిల్లల చదువుకు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనాలు, స్వచ్ఛంద సంస్థల కృషి కూడా ఇందులో ఉన్నాయి. అయినా పొలం వదిలి వచ్చిన లక్షలాది చేతులకు నెలవారీ మజూరీ చూపించింది మాత్రం ఈ పరిశ్రమే.

చౌక చొక్కా ఖరీదు

ఇక రెండో ముఖం. 2012 నవంబరు 24న ఆశులియాలోని తజ్రీన్ కర్మాగారంలో మంటలు లేచి వందమందికి పైగా మరణించారు. అయిదు నెలలు తిరిగాయో లేదో, 2013 ఏప్రిల్ 24న సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు, దాదాపు రెండున్నర వేల మంది గాయపడ్డారు. ముందు రోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లోని దుస్తుల కార్మికులను మాత్రం పనిలోకి రమ్మన్నారు. బ్యాంకు ఉద్యోగి ప్రాణానికి ఉన్న విలువ కుట్టుపని చేసే అమ్మాయి ప్రాణానికి లేకపోయింది. ఆర్డరు గడువు తప్పితే విదేశీ కొనుగోలుదారు కోపగిస్తాడని యజమానికి భయం. పని మానితే జీతం కోస్తారని కార్మికురాలికి భయం. ఈ రెండు భయాల మధ్య ఆ భవనం కూలింది.

దీనికి మందు ఏమిటి? బజారు మూసెయ్యడమా? ఈ ప్రయోగం అంతకు ముందే ఒకసారి జరిగింది. 1990ల మొదట్లో బాల కార్మికులు తయారు చేసిన సరుకులను నిషేధించాలని అమెరికా సెనేటులో ఒక బిల్లు వచ్చింది. అది చట్టం కాలేదు. కాని ఆ భయంతోనే బంగ్లాదేశ్ యజమానులు వేలాది మంది పిల్లలను పనిలోంచి తీసేశారు. వారి సంఖ్య దాదాపు 50 వేలని యునిసెఫ్ తెలిపింది. వారిలో చాలామంది బడికి పోలేదు. రాళ్లు కొట్టడం వంటి మరింత ప్రమాదకరమైన పనుల్లో చేరారు. 1995లో యజమానుల సంఘం, యునిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒప్పందం కుదుర్చుకుని, పిల్లలకు బడి, భృతి ఏర్పాటు చేసిన తర్వాతనే పరిస్థితి చక్కబడసాగింది. సదుద్దేశంతో వేసిన దెబ్బ కూడా బలహీనుడి వీపు మీదే పడుతుందనడానికి ఇది ఉదాహరణ.

రాణా ప్లాజా తర్వాత మేలైన మార్గం ఎన్నుకున్నారు. 2013 మే నెలలో విదేశీ బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి. రెండు వందలకు పైగా కంపెనీలు సంతకాలు చేశాయి. ఇంజనీర్లు వెళ్లి వందలాది కర్మాగారాల్లో స్తంభాలు, విద్యుత్ తీగలు, మంటల తలుపులు తనిఖీ చేశారు. లోపాలు సరిదిద్దని కర్మాగారానికి ఆర్డర్లు ఆగిపోయేవి. విదేశీ కొనుగోలుదారు బాధ్యత బిల్లు చెల్లించడంతో తీరిపోదని ఈ ఒప్పందం రుజువు చేసింది. మూడున్నర దశాబ్దాలుగా కడుతూ వచ్చిన పరిశ్రమను కూల్చకుండా, దాని పునాదులు సరిచేశారు.

మజూరీ విషయంలో మాత్రం పోరాటం ముగియలేదు. కనీస వేతనం 1994లో నెలకు 930 టాకాలు. 2013లో 5,300, 2018లో 8,000 అయింది. 2023లో కార్మిక సంఘాలు 23,000 కావాలని అడిగితే 12,500గా నిర్ణయించారు. ఆ ఆందోళనలో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. చెమట ఆరకముందే మజూరీ చెల్లించాలని విన్నవాళ్లం మనం. చెల్లించే మజూరీ న్యాయమైనదిగా కూడా ఉండాలి కదా! దేశం ఎగుమతులు పదింతలు పెరిగి, కుట్టిన చేతికి పూట గడవకపోతే ఆ వృద్ధిని ఎవరి వృద్ధి అనాలి?

ఒకే స్తంభం మీద ఇల్లు

మరో ప్రమాదం ఉంది. ఒకే సరుకు మీద, రెండు మూడు బజార్ల మీద ఆధారపడిన దేశం ఒంటి స్తంభం మీద కట్టిన ఇల్లు వంటిది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు విదేశీ కంపెనీలు సుమారు 300 కోట్ల డాలర్ల ఆర్డర్లను రద్దు చేశాయి లేదా ఆపివేశాయి. వాటిలో కొన్ని కుట్టి, మడత పెట్టి, డబ్బాల్లో సర్దిన బట్టలు. 2025 ఏప్రిల్‌లో అమెరికా బంగ్లాదేశ్ సరుకులపై 37 శాతం అదనపు సుంకం ప్రకటించింది. బేరసారాల తర్వాత ఆగస్టులో 20 శాతానికి తగ్గించింది. ఒక్క సంతకంతో లక్షల ఇళ్ల పొయ్యి ఆరిపోగల పరిస్థితి అది.

అత్యంత వెనుకబడిన దేశాల జాబితా నుంచి బంగ్లాదేశ్ బయటపడడానికి ఐక్యరాజ్యసమితి 2021లో ఆమోదం తెలిపి, 2026 నవంబరును గడువుగా పెట్టింది. ఇది గౌరవమే. అయితే ఆ జాబితాలో ఉన్నందున లభించిన సుంకాల మినహాయింపులు కూడా దానితో పాటే పోతాయి. యూరపు కూటమి మరో మూడేళ్లు వ్యవధి ఇస్తానంది. అంటే నడక నేర్చిన బిడ్డ చేతికర్రను ధనిక దేశాలు తీసేసుకుంటాయన్నమాట. అప్పటికి తోలు, మందులు, ఓడల నిర్మాణం వంటి ఇతర రంగాలు బలపడి ఉండాలి. ఈ పని ఇంకా ముందే మొదలు పెట్టవలసింది.

మనకు సంబంధం లేదా?

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకోనక్కరలేదు. భారతదేశపు పత్తికి, నూలుకు బంగ్లాదేశ్ ప్రధానమైన గిరాకీదారు. 2025లో రెండు దేశాలూ భూమార్గం గుండా నూలు, దుస్తుల రాకపోకలపై పోటాపోటీగా ఆంక్షలు పెట్టుకున్నప్పుడు ఇరువైపులా వ్యాపారులు నష్టపోయారు. పత్తి పండించే గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ రైతుకు ఢాకా మిల్లు ఆడడం, ఆగడం పట్టని విషయం కాదు.

పైగా అదే పరిశ్రమ మన గడపకూ వచ్చింది. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ విశాఖ దగ్గర అచ్యుతాపురంలో దుస్తుల నగరాన్ని నిర్మించింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది స్త్రీలు అక్కడ పనికి పోతున్నారు. 1980ల నుంచి చిట్టగాంగ్‌లో పని చేస్తున్న కొరియా కంపెనీ యంగ్‌వన్ ఇటీవల వరంగల్ కాకతీయ జౌళి పార్కుకు వచ్చింది. కొరియా నుంచి చిట్టగాంగ్‌కు సాగిన ఆ ప్రయాణం నేడు ఓరుగల్లు చేరిందన్నమాట. మరి దానితో పాటు ఏ పాఠాలు మనకు చేరాలి? 2022లో అచ్యుతాపురం ప్రాంగణంలోని ఒక దుస్తుల కర్మాగారంలో రెండు నెలల వ్యవధిలో రెండుసార్లు విషవాయువు వ్యాపించి మహిళా కార్మికులు పెద్ద సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. హెచ్చరికగా ఇది చాలదా?

మన సమాజంలో సూది పట్టని ఇల్లు అరుదు. హైదరాబాద్ పాతబస్తీలోనైనా, ఇతర పట్టణాల్లోనైనా ఇంట్లో కూర్చుని జరీ పని, కుట్టుపని చేసే అక్కాచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. దళారి ఇచ్చిందే మజూరీ. వారి పనితనం ఏ దేశానికి పోతోందో, ఎంతకు అమ్ముడవుతోందో వారికే తెలియదు. ఇక మగపిల్లలకు పాస్‌పోర్టు చేయించి గల్ఫ్ పంపడమే మనకు తెలిసిన ఎగుమతి. మనిషిని పంపితే ఇల్లు ఖాళీ అవుతుంది. సరుకు పంపితే మనిషి ఇంట్లో ఉంటాడు, పనితనం ఊళ్లో ఉంటుంది.

కనుక విదేశీ వ్యాపారాన్ని చూసి భయపడనూ వద్దు, మైమరచిపోనూ వద్దు. పరిశ్రమ వచ్చినప్పుడు ప్రభుత్వాన్ని, యజమానిని మనం కొన్ని ప్రశ్నలు అడగాలి. మా పిల్లలకు కుట్టు ఒక్కటే నేర్పుతారా, కత్తిరింపు, డిజైను, నాణ్యత తనిఖీ, లెక్కలు కూడా నేర్పుతారా? చిన్న పెట్టుబడిదారుకు బ్యాంకు అప్పు సులభంగా దొరుకుతుందా? మంటలు లేస్తే తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా? సంఘం పెట్టుకున్న కార్మికురాలి ఉద్యోగం నిలుస్తుందా? ఒక బజారు మూతపడితే రెండో బజారు ఉందా? వీటికి సరైన జవాబులు రాబట్టిన చోట వ్యాపారం వల్ల దేశం పెరుగుతుంది. రాబట్టని చోట నాలుగు కంపెనీలు మాత్రమే పెరుగుతాయి.

కొనేవారికీ ఒక బాధ్యత ఉంది. పండుగకు కొత్త చొక్కా కొనేటప్పుడు అది ఎంత చౌకగా వచ్చిందోనని సంతోషిస్తాం. ఆ ధరలో కుట్టిన చేతి వాటా ఎంతో కూడా ఒక్కసారి ఆలోచించాలి. ఆ వాటా సరిగా ముట్టినప్పుడే విదేశీ వ్యాపారం బీద దేశానికి బరకత్ అవుతుంది.